కొంగున గట్టిన నిప్పు

గడచిన మాసమున ఈ పుటలో వంటయింటి పొగను గూర్చి ముచ్చటించుకొంటిమి. దానిని జదివిన యొక సోదరి "పొయ్యి పొగను గూర్చి చెప్పితిరి, మగవారి సిగరెట్టు పొగను గూర్చి యేల చెప్పరు?" అని వ్రాసినది. ఆమె ప్రశ్న న్యాయమైనది. నేనా సంగతి నెత్తుకొనకపోవుటకు సంకోచమే కారణము. అది చెప్పవలెనన్న మా కుటుంబములో జరిగిన కథ నొకదానిని జెప్పవలసివచ్చును. ఆ కథలో నా తప్పు కూడ గలదు. మా యక్కగారి యనుమతి పొంది నేడు చెప్పుచున్నాను.

మా బావగారికి అప్పటికి 46 ఏండ్లు. మితభాషి, ఎవరి నొక్క పరుషవాక్య మాడి యెరుగరు. చదువుకొను దినములలో నేర్చిన సిగరెట్టొక్కటియే వారికిగల దురభ్యాసము. అక్క కాపురమునకు వెళ్లిన నాటినుండి యింటిలోపల కాల్చుట మాని, డాబామీదికి బోవువారు. దిగి వచ్చునపుడు నోట నొక యేలకికాయ వేసికొనువారు. అక్క ఆ యేలకికాయనే తనయెడల జూపు గౌరవముగా నెంచి, తా నేమియు నెరుగనట్లే కాలము గడుపుచు వచ్చినది. మనలో నిట్టి కాపురము లెన్ని లేవు!

ఒక కార్తికమాసమున మేమందరమును సత్యనారాయణస్వామి వ్రతమునకై అన్నవరము బోయితిమి. పిల్లలు మెట్లదారిని ఎక్కుదమనిరి. సగము దారి యెక్కులోపల బావగారు మూడుమార్లు కూలబడిరి. ఆరేండ్ల క్రిందట అవే మెట్లను కూతును భుజముమీద నెత్తుకొని యెక్కిన మనిషి! "వయసు మీరుచున్నదమ్మా" అని నాతో నవ్వుచు ననిరి. ఆ నవ్వు నడుమ పొడిదగ్గు వచ్చి మాట తెగిపోయెను.

తరువాత ఆరు మాసములు ఒక వైద్యునినుండి మరియొక వైద్యునికడకు తిరుగుటతోనే సరిపోయినది. ఒకరు ఉబ్బసమని పీల్చు మందు నిచ్చిరి. వేరొకరు క్షయయేమోయని కఫమును పరీక్ష చేయించిరి. అం దేమియు దొరకలేదు. రొమ్మునకు దీసిన ఎక్స్‌రేలో చెప్పుకొనదగిన దోషము కనబడలేదు. ఆయాసము మాత్రము దినదినము పెరుగుచుండెను. ముందు మెట్లెక్కినపుడు, పిమ్మట వీధి చివరకు నడచినపుడు, తుదకు స్నానముచేసి పంచె కట్టుకొనునపుడు గూడ ఊపిరి చాలకుండెను. ఇంతలో మా యక్క యింకొకటి కనిపెట్టినది: వారి వ్రేళ్ల కొనలు లావై, గోళ్లు గుండ్రముగా పైకి ఉబ్బి యుండెను. వైద్యులు చూడకమునుపే చూచినది ఆమె. భర్తకు అన్నము వడ్డించు చేయి ఆయన చేతిని గుర్తింపకుండునా?

చివరకు నగరములోని యొక పెద్ద ఆసుపత్రికి వెళ్లితిమి. అక్క తోడు రమ్మన్నందున నేనును వెళ్లితిని. ఊపిరితిత్తుల వైద్యము చేయు డాక్టరమ్మగా రడిగిన మొదటి ప్రశ్న "మీరు పొగ త్రాగుదురా?" అని. బావగారు నోరు తెరచులోపలనే అక్క "మానివేసి పదేండ్లయినదండీ" అని చెప్పివేసెను. బావగారు నేల చూచిరి. నేను గోడ గడియారమువంక జూచితిని. అంతకు ముందు రాత్రియే వారి చొక్కాను దండెమున వేయుచు జేబులోని సిగరెట్టు పెట్టెను నేను చూచియుంటిని. కావున ఆ యబద్ధము అక్క యొక్కతె ఆడినది గాదు. ముగ్గురమును గలిసి యాడినది.

సి.టి. స్కాను తీసిరి. ఎక్స్‌రేలో కనబడనిది అందు కనబడినది. రెండు ఊపిరితిత్తుల అడుగుభాగములలోను, స్నానాల గది కిటికీకి వేయు మసక అద్దమువలె, తెల్లని మబ్బు పరచుకొని యుండెను. ఊపిరి పరీక్షలో, లోనికిబోయిన గాలినుండి ప్రాణవాయువు నెత్తురులోనికి దిగుట తగ్గినదని తేలెను. తరువాత చిన్న శస్త్రచికిత్స చేసి ఊపిరితిత్తినుండి ఆవగింజలకన్న కొంచెము పెద్దవైన తునుకలు తీసి సూక్ష్మదర్శినిక్రింద జూచిరి. వ్యాధికి పేరు దొరకినది. ఆ పేరు నోరు తిరుగనిది: డెస్క్వామేటివ్ ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా. వైద్యులు దీనిని క్లుప్తముగా డి.ఐ.పి. యందురు. ఇది యరుదైన వ్యాధి. సామాన్యముగ న్యుమోనియా యనిన జలుబు, జ్వరము, క్రిములు మనకు దోచును. ఇది యట్టిది గాదు. క్రిమిచేత గలుగదు, ఒకరినుండి యొకరికి అంటదు. ఇది పొగచేత ఊపిరితిత్తులలో నిలిచిపోయిన వాపు.

ఇది యెట్లు కలుగునో చెప్పుటకు మన భాగవతములోని పురంజనోపాఖ్యానము నాకు సాయము వచ్చుచున్నది. నారదమహర్షి ప్రాచీనబర్హికి జెప్పిన కథ యది. పురంజనుడను రాజు తొమ్మిది వాకిండ్ల పురమున నివసించును. ఆ పురమే దేహము. ఆ పురమును అయిదు పడగల పాము కాచుచుండును, అదియే ప్రాణము. శత్రువులు ముట్టడించినపు డా పా మొంటరిగ బహుకాలము పోరి పోరి, తుదకు అలసిపోవును. చిన్ననాట తండ్రిగారియొద్ద ఆ ఘట్టము చదివినపుడు కావలివానికి అలుపేమిటని అడిగితిని. ఈ వ్యాధినిగూర్చి తెలిసికొన్న పిమ్మట నా ప్రశ్నకు జవాబు దొరకినది.

మన ఊపిరితిత్తులలో కోట్లకొలది చిరుగదులున్నవి. వానిని విప్పి పరచిన సుమారు 70 చదరపు మీటర్ల స్థలము నాక్రమించును. ఆ గదుల గోడ లుల్లిపొరకన్న పలుచన. గోడ కీవల గాలి, ఆవల నెత్తురు. ప్రాణవాయువు ఆ పలుచని గోడగుండ నెత్తురులో గలియును. ఇంత పలుచని గోడల యింటికి కావలి వలయును గదా! ఆ కావలివారే భక్షక కణములు. గాలివెంట వచ్చిన దుమ్మును, క్రిములను మ్రింగివేసి గదులను శుభ్రముగ నుంచుట వాని పని. తెల్లవారకమున్న వాకిలి ఊడ్చి కల్లాపి చల్లు ఇల్లాలివలె అవి ఎవరును జూడని వేళ పనిచేయుచుండును.

పొగ లోనికి వచ్చినపు డీ కణములు దానిని గూడ మ్రింగుటకు బ్రయత్నించును. కాని పొగ దుమ్మువలె ఒకమారు వచ్చి పోవునది గాదు. నేడు పది సిగరెట్లు, రేపు పది సిగరెట్లు. ఊడ్చినకొలది చెత్త పడుచుండగా పనివాండ్ర సంఖ్య పెరుగును. పొగ త్రాగువారి ఊపిరితిత్తులలో ఈ కణములు త్రాగనివారికన్న ననేక రెట్లధికముగ నుండును. సూక్ష్మదర్శినిలో జూచిన వాని కడుపులలో పొగ రంగు గోధుమవర్ణపు మరకగా గానవచ్చును. పొగ త్రాగువారందరిలోను సన్నని గాలిగొట్టములచుట్టు ఈ కణములు కొంతగా మూగియే యుండును. చాలమందికి దానివలన వెంటనే బాధ తోచదు. అందు గొందరిలో మాత్రము, ఎందుచేతనో, ఇవి గుంపులు గుంపులుగా గదులనిండ క్రిక్కిరిసి పోవును. కాచుటకు వచ్చిన సేనయే కోటలో చోటు లేకుండ జేసినట్లగును. గోడలు వాచి దళసరియగును. గాలి నిండవలసిన గదిలో కణములు నిండును. మనిషి ఎంత పీల్చినను ఊపిరి చాలదు. అదియే డి.ఐ.పి.

దీని పేరుకు గూడ నొక కథ యున్నది. 1965లో ఏవెరిల్ లీబో అను అమెరికా వైద్యపండితుడును, ఆయన సహచరులును దీనిని మొదట వివరించిరి. గదులనిండిన ఆ కణములు గోడలనుండి పెచ్చులుగా నూడిపడినవని వారు తలచి, పెచ్చులూడు న్యుమోనియా యను నర్థము వచ్చునట్లు పేరిడిరి. తరువాత పరిశీలింపగా అవి గోడనుండి రాలిన పెచ్చులు గావు, గోడను గాచుటకు వచ్చిన భక్షక కణములని తేలినది. పొరబాటు తెలిసినను పేరు మాత్రము నిలిచిపోయినది.

ఈ వ్యాధి సాధారణముగ 40 ఏండ్లనుండి 60 ఏండ్ల నడుమ బయలుపడును. స్త్రీలకన్న పురుషులలో సుమారు రెండింత లెక్కువ. దీనిబారిన బడినవారిలో నెక్కువమంది పొగ త్రాగువారే. అందరును గారు, కొన్ని లోహముల ధూళి పీల్చువారికిని, కొన్ని మందులవలనను, కీళ్లవాతపు జాతి వ్యాధులవలనను గూడ నరుదుగా వచ్చును. పసిబిడ్డలలో జన్మతః వచ్చు దోషమువలన నిట్టి రూపమే కనబడుట కలదు. దానికి పొగతో నిమిత్తము లేదు. కావున ఎవరికైన నీ వ్యాధి యున్నదని వినగానే "త్రాగి తెచ్చుకొన్నాడు" అని నోరుజారవలదు.

ఇక మీకు ధైర్యము గలిగించు మాట యొకటి చెప్పెదను. ఊపిరితిత్తులు గట్టిపడిపోవు వ్యాధులలో కొన్ని మిగుల క్రూరమైనవి. 1978లో అమెరికాలో నట్టి వ్యాధి గలవారిని 53 మందిని, డి.ఐ.పి. గలవారిని 40 మందిని ఏండ్లతరబడి గమనించి ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. మొదటివారిలో నూటికి 66 మంది మరణింపగా, డి.ఐ.పి. గలవారిలో నూటికి 27.5 మంది మరణించిరి. స్టెరాయిడు మందు లిచ్చినపుడు డి.ఐ.పి. గలవారిలో సగముకన్న నెక్కువమందికి గుణము కనబడెను. ఏలయన ఈ వ్యాధిలో బహుకాలమువరకు గోడ లంతగా మచ్చలువడి గట్టిపడవు. నిండిన గదులు మరల ఖాళీ కాగలవు. అయితే దానికొక నియమము కలదు. పొగ ఆగవలెను. అది యాగక తక్కినవన్నియు జేసినను, ఒకచేత ఊడ్చుచు నొకచేత చెత్త పోయుటయే యగును.

మా బావగారి విషయమున జరిగిన దదియే. స్టెరాయిడు మాత్రలు మొదలుపెట్టిరి. ముఖము ఉబ్బెను, చక్కెర పెరిగెను, రాత్రులు నిద్ర తగ్గెను. మొదటి మాసమున కొంత తేలికగ నుండి, మందు తగ్గింపగానే ఆయాసము మరల వచ్చెను. మోతాదు పెంచిరి. మరల తగ్గింపబోగా మరల నదే. డాక్టరమ్మగారు కాగితములు తిప్పి తిప్పి చూచుచు "ఇట్లు కాకూడదే!" అని తమలో ననుకొనిరి. నాలుగు మాసములు గడచినవి. దేహములోని రక్షణశక్తినే అణచు బలమైన వేరొక మందు మొదలిడవలసియుండునని చెప్పి, దానివలన గలుగు ప్రమాదములను వివరించిరి. ఆనాడు ఇంటిలో నెవరును లేకపోవుటచే అక్క తన కూతును గూడ వెంట దెచ్చినది. అన్నవరము మెట్లమీద తండ్రి భుజమెక్కిన పిల్లయే. అప్పటికి దానికి తొమ్మిదేండ్లు. పెద్దల మాటలు వినుచు గూర్చున్న ఆ పిల్ల "నాన్నగారు డాబామీద సిగరెట్టు కాల్చుట మానిన తగ్గదా, డాక్టరుగారూ?" అని యడిగెను.

ఆ గదిలో కొంతసే పెవరును మాటాడలేదు. అక్క తల వంచుకొన్నది. బావగారు మాత్రము, చాలకాలమునుండి మోయుచున్న బరువు దింపుకొన్నవారివలె "దినమునకు నాలుగయిదు కాల్చుచునే యున్నాను" అని యొప్పుకొనిరి.

డాక్టరమ్మగారు కోపించుదురని నేను భయపడితిని. వారు కోపింపలేదు. అక్కవంకకు తిరిగి "అమ్మా, మీ వారిని తప్పుపట్టుటకు నేనా ప్రశ్న యడుగలేదు. మందు పెంచుటయా, తగ్గించుటయా, మార్చుటయా యనుట ఈ యొక్క మాటపై నాధారపడి యున్నది. మరి రెండు దినములు పోయిన, అవసరము లేని కఠినమైన మందు మీ వారికిచ్చి యుందును" అనిరి. ఆ మాట నా గుండెలో ములుకువలె నాటుకొన్నది. నేను గోడ గడియారము జూచిన ఆ క్షణమునకు వెల నాలుగు మాసములు. అది చెల్లించినది నేను గాదు, బావగారి ఊపిరితిత్తులు.

ఆ రాత్రి అక్క నాతో నన్న మాట మీకు చెప్పవలయును, ఏలయన అది ఆమె యొక్కతె మాట కాదు. "భర్త లోపమును పరుల యెదుట బయటపెట్టుట తగునా? అమ్మ మన కట్లు నేర్పినదా?" అని యామె యడిగినది. నేను వెంటనే బదులు చెప్పలేకపోయితిని. ఇంటిగుట్టు కాచుట యిల్లాలి గుణమని మనము పాలతోగూడ త్రాగి పెరిగినవారము. ఆ గుణము చెడ్డది కాదు. ఇరుగుపొరుగువారి యెదుట భర్తను దిగజార్చి మాటాడుట నాకును గిట్టదు. కాని వైద్యుని గది ఇరుగుపొరుగు కాదు. అచ్చట చెప్పిన మాట అచ్చటనే యుండును, ఉండవలెను. అచ్చట గుట్టు దాచుట గౌరవమును గాచుట కాదు, కొంగున నిప్పు మూటగట్టుకొనుట. మూటలోని నిప్పు మూటను కాల్చకుండునా?

మన పెద్దలు పతివ్రత యనగానే సావిత్రిని దలచుదురు. సావిత్రి చేసినదేమి? యముడు వచ్చినపు డామె తెర చాటున నిలిచి మౌనము వహింపలేదు. వెంట నడచినది, మాటాడినది, అడుగవలసినది యడిగినది. ఆమె భర్త ప్రాణమును దెచ్చినది మాటచేతనే. నే డా ప్రాణరక్షణకు మన మాట యొక్కటి యవసరమైనచో, అది సత్యమైన మాటయే కావలెను. అక్క ఈ మాట విని చాలసేపు మాటాడలేదు. మరునాడు ఉదయము డాబామీదికి బోయి, పూలకుండి వెనుక దాచియున్న బూడిద డబ్బాను తానే తెచ్చి చెత్తకుప్పలో వేసినది. పెండ్లియైన ఇరువదియేండ్లకు ఆమె దానిని చూచినట్లొప్పుకొన్న దాదినముననే.

పొగాకును గూర్చి మనలో నొక వేడుక మాట కలదు. గరుడుడు తెచ్చిన అమృతపు చుక్కనుండి పొగచెట్టు పుట్టినదని గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము పురాణము పేరు పెట్టి చెప్పి నవ్వించును. అది హాస్యము, దానిని హాస్యముగనే నవ్వుకొందము. పొగాకు మన పురాణముల నాటిది గాదు. అది యమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. 17వ శతాబ్దారంభమున అసదుబేగు బిజాపురమునుండి దానిని అక్బరు కొలువునకు గొనిపోయెను. నేడు మన గుంటూరు, ప్రకాశము సీమలలో నది గొప్ప పంట. 1976లో నేర్పడిన పొగాకు బోర్డునకు గుంటూరే ముఖ్యస్థానము. ఎన్ని కుటుంబములు దానిపై బ్రదుకుచున్నవో నే నెరుగుదును. పంట పండించు రైతును నేను నిందింపను. దానిని ఊపిరితిత్తులలోనికి బంపువారికి మాత్రము హితము చెప్పక మానను.

ఈ హితము మగవారికి మాత్రమే కాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో ననేకమంది స్త్రీలు చుట్టను త్రాగుట, అందును నిప్పుకొనను నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగుట పాత వాడుక. గాలికి నిప్పారకుండుటకును, పనిచేయునపుడు చేతులు ఖాళీగ నుండుటకును అది వీలని వారందురు. దానివలన అంగిలి కాలి, పుండ్లు పడి, క్యాన్సరుగ మారుచుండుట వైద్యులు బహుకాలమునుండి చెప్పుచున్నారు. మన యింట పనిచేయు ముసలమ్మయో, మన నాయనమ్మయో ఆయాసపడుచు వైద్యుని కడకు బోయినపుడు "మీరు పొగ త్రాగుదురా?" యని ఆడవారిని వైద్యులడుగక పోవచ్చును. అడుగకున్నను మనమే చెప్పవలెను.

ఇంతకును మనము చేయదగిన దేమి? మా యింటి యనుభవమువలనను, డాక్టరమ్మగారు చెప్పినదానివలనను నేను నేర్చినది చెప్పెదను.

మొదటిది, గమనించుట. చాలదినములుగ పొడిదగ్గు, మునుపు లేని ఆయాసము, వ్రేళ్ల కొనలు లావై గోళ్లు ఉబ్బుట కనబడినచో వయసుమీద నెపము వేయవలదు. వీనిలో నేదైన ననేక వ్యాధులకు గుర్తు కావచ్చును. అది యే వ్యాధియో తేల్చుట వైద్యుని పని, వైద్యుని కడకు బంపుట మన పని. ఎక్స్‌రేలో నేమియు లేదన్నంత మాత్రమున ఆయాసము లేనట్లు కాదు. ఉబ్బసపు మందు కొన్ని వారములు వాడినను గుణము కానరానిచో ఊపిరితిత్తుల వైద్యుని జూపింపవలెను.

రెండవది, వ్రాసికొనుట. వైద్యుని కడకు బోవుటకు ముందే ఒక కాగితముమీద ఎన్నేండ్లనుండి త్రాగుచున్నారు, దినమునకెన్ని, సిగరెట్టా బీడీయా చుట్టయా, చివరిసారి యెప్పుడు త్రాగిరి, ఏ పనిలో దుమ్ము పీల్చుచున్నారు, ఏ మందులు వాడుచున్నారు అని వ్రాయుడు. ఆ కాగితమును భర్తచేతనే వ్రాయించిన మరియు మంచిది. నోట రాని మాట కాగితముమీద తేలికగ వచ్చును. మా బావగారు వ్రాసిన కాగితములో మేము నాలుగని తలచినచోట పన్నెండని యుండెను.

మూడవది, మానుటకు దోడ్పడుట. ఇరువదియేండ్ల యలవాటు తిట్టినంత మాత్రమున పోదు. మొదటి కొన్ని దినములు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, ఆకలి యెక్కువగుట సహజము. ఆ దినములలో నెదురుమాట తగ్గించి, చేతి కేదో పని కల్పించి, భోజనమైన వెంటనే కూడ కొంచెము నడచిరమ్మని చెప్పుట మేలు. మానుటకు సాయపడు మందులు, నికొటిన్ బిళ్లలు వైద్యుల సలహాపై దొరకును. కేంద్రప్రభుత్వము వారు ఉచితముగ సలహా చెప్పుటకు 1800-112-356 అను టెలిఫోను సంఖ్య నేర్పాటు చేసియున్నారు. ఒకమారు మాని మరల మొదలిడినచో అంతయు వ్యర్థమైనదని విడువరాదు, మరల మానవలెను. పొగ మాని దానికి బదులుగ నమలు పొగాకునో, గుట్కానో పట్టుకొనుట మాత్రము పెనముమీదనుండి పొయ్యిలో పడుటయే.

నాలుగవది, మందు. స్టెరాయిడు మాత్రలు మేలు చేయునవియే యైనను, చక్కెరను పెంచును, ఎముకలను బలహీనపరచును. కొంచెము తేలికయైనది గదా యని తామే యాకస్మికముగ మానివేయుట ప్రమాదకరము. వైద్యులు తగ్గించినట్లే మెట్టుమెట్టుగ తగ్గింపవలెను.

అయిదవది, ఇంటిలోని గాలి. 2008 అక్టోబరు 2వ తేదీనుండి మన దేశమున బహిరంగ స్థలములలో పొగ త్రాగుట నిషిద్ధము. రైల్వేస్టేషనులో, ఆఫీసులో లభించు రక్షణ మన పడకగదిలో, మన బిడ్డ యుయ్యెలచెంత లేకుండుట యేమి న్యాయము? కిటికీ తెరచిన చాలునని, విసనకర్ర త్రిప్పిన చాలునని యనుకొనవలదు. ఇంటిలోపల పొగ వలదని చెప్పుట గయ్యాళితనము కాదు.

బావగారు పొగ మాని నేటి కేడాదిన్నర యైనది. మందు మెల్లమెల్లగ తగ్గించి ఆపివేసిరి. తరువాత దీసిన స్కానులో మబ్బు చాలవరకు విడిపోయెను. పూర్తిగ పోలేదు. వ్యాధి మరల రావచ్చునని, ఏటేట పరీక్ష చేయించుకొనవలెనని డాక్టరమ్మగారు చెప్పిరి. ఆ నాలుగు మాసములలో కొంత భాగము ఎప్పటికిని తిరిగి రాదేమో. ఆ మాట అక్క యెన్నడు నాతో ననలేదు. నేనును ఆమెతో ననలేదు. ఇంకను మా నడుమ అడగని ప్రశ్న యది యొకటి మిగిలియున్నది.

గడచిన కార్తికమున మేము మరల అన్నవరము వెళ్లితిమి. బావగారు మెట్లదారినే పట్టిరి. ఒక్కచోట మాత్రము కూర్చుండిరి. అలసట తీరిన పిమ్మట కూతురు చేయి యందీయగా లేచి మిగిలినవి యెక్కిరి. వ్రతకథ వినునపుడు అక్క నాప్రక్కనే కూర్చున్నది. చెప్పిన మాట తప్పినవారికి, నిజము దాచినవారికి గలిగిన కష్టములను పురోహితులు చదువుచుండగా ఆమె నాచేయి పట్టుకొన్నది. సత్యమును దేవునిగా బూజించు వ్రతమును మన మేటేట చేయుచున్నాము. ఆ సత్యమును పీటమీద పూజించి, వైద్యుని గదిలో విడిచివచ్చుట తగదని ఆనాడు మే మిద్దరమును మనస్సులో ననుకొంటిమి.

సోదరీమణులారా! మీ యింట నెవరికైన ఆయాసము గలిగి, వైద్యుడా ప్రశ్న నడిగిననాడు గోడ గడియారమువంక జూడకుడు. ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. అదియే మీరు మీవారికి జేయు మొదటి వైద్యము.

స్వస్తి.